పైడయ్య కుర్చీ

చేతులు నీళ్ళలో ఉన్నంతసేపు హైమవతి టీచరుగారు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పరు. ఈ సంగతి తెలిసి కూడా శిష్యులు సరిగ్గా అప్పుడే అడుగుతారు, ఎందుకంటే ఆమె చేతులు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి. సముద్రం పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో, ఇంటి వెనక పాత వంటగదికి నల్లగుడ్డలు కట్టి, ఒక ఎర్ర బల్బు వేలాడదీసి, ఆమె పిన్‌హోల్ ఫొటోగ్రఫీ నేర్పేవారు. కెమెరా అంటే పాలపొడి డబ్బా. లోపల నల్లరంగు, ముందు సూదిమొనతో పొడిచిన ఒక్క రంధ్రం, దానికి మూతగా నల్ల టేపు ముక్క. లోపల ఫొటో కాగితం పెట్టి, టేపు తీసి ఊరుకుంటే, వెలుగు వెళ్ళి తన పని తాను చేసుకుంటుంది. ఆ కాగితాన్ని మందునీళ్ళలో ముంచితే తెల్లవి నల్లగా, నల్లవి తెల్లగా బొమ్మ తేలుతుంది. దాన్ని మరో కాగితం మీద బోర్లించి వెలుగు చూపిస్తే అసలు ఫొటో. లెన్సు లేదు, మీట లేదు, ఎలా వచ్చిందో వెంటనే చూసుకోవడానికి తెర లేదు. ప్రతి జేబులోనూ కెమెరా ఉన్న కాలంలో ఈ డబ్బాల గోల ఎందుకండీ అని ఊరివాళ్ళు అడిగేవారు. ఆమె ఫొటోలు కడుక్కుంటూనే ఉండేవారు.

ఒకరోజు విజయసారథి అనే శిష్యుడు చెప్పులు విసిరేసినట్టు విప్పి లోపలికి వచ్చాడు.

“టీచర్ గారూ, మనిషి చెయ్యి పడని బొమ్మ అబద్ధం ఆడదు కదా?”

ఆ ప్రశ్న వెనక ఒక ఇసుకనేల ఉంది. ఊరి చివర, పడవలు లాగిపెట్టేచోటికి పక్కన, పల్లెలోని ఆడవాళ్ళు తరతరాలుగా చేపలు ఎండబెట్టుకునే నేల. దాన్ని ఒక రిసార్టు కంపెనీ కొన్నానంటోంది. ఆ నేల ఖాళీగా పడి ఉందనీ, అక్కడ ఎవరూ ఏ పనీ చేయడం లేదనీ, తమ స్వాధీనంలోనే ఉందనీ, ఆ ఆడవాళ్ళు పెట్టుకున్న అర్జీ మీద జరిగే విచారణలో చెప్పింది. స్వాధీనానికి గుర్తుగా ఒక బోర్డు పాతి, బోర్డు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, కుర్చీలో పక్క ఊరి పైడయ్యని వాచ్‌మన్‌గా కూర్చోబెట్టింది. చేపలు ఎండబెట్టేవాళ్ళలో పెద్దది గరికిన కొర్లమ్మ. ఆమె విచారణకి వెళ్ళి, సారథి ఫోనుతో తీసి ఇచ్చిన ఫొటోలు చూపించింది. బుట్టలు మోసేవాళ్ళు, ఇసుక మీద నెత్తళ్ళ చేపలు పరిచేవాళ్ళు, చీపుళ్ళతో వాటిని తిరగేసేవాళ్ళు, అందరూ ఉన్నారు అందులో. విచారణాధికారి చెడ్డవాడేమీ కాదు. మర్యాదగానే ఫోను వెనక్కి ఇచ్చాడు.

“ఈ రోజుల్లో ఫోనులో ఏదైనా పుట్టించొచ్చమ్మా. మొన్న మా మనవరాలు నన్ను గుర్రం ఎక్కించింది. మీసాలు కూడా పెట్టింది. కంప్యూటరు ముట్టుకోని సాక్ష్యం ఏదైనా ఉంటే పై గురువారం తీసుకురండి.”

అంటే ఉన్న మనుషులు తాము ఉన్నట్టు రుజువు చేసుకోవాలి. లేని హక్కుకి మాత్రం ఒక బోర్డు చాలు. ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. అనగలిగే చదువున్న సారథికి తన ఫొటోలని అబద్ధమన్నారన్న మంట ముందు వచ్చింది.

“ఫోను నమ్మరట,” అన్నాడు టీచరుగారితో. “సరే. కంప్యూటరు వాసన కూడా తగలని ఫొటో ఇస్తాను. డబ్బా, కాగితం, వెలుగు. దీన్ని ఎవడు కాదంటాడో చూస్తాను. ఇది అబద్ధం ఆడలేదు కదా టీచర్ గారూ?”

హైమవతిగారి చేతులు నీళ్ళలో ఉన్నాయి. గడ్డంతో గూట్లో ఉన్న డబ్బాని చూపించారు. అది ఆమె సొంత డబ్బా. తీసుకెళ్ళమని అర్థం.

మర్నాడు పొద్దున మబ్బు పట్టి ఉంది. వానాకాలం వెళ్ళీ వెళ్ళని రోజులు. ఎండ రాకముందే గురువారం వచ్చేస్తుంది కాబట్టి ఆగడానికి లేదు. సారథి తిరగేసిన బుట్ట మీద డబ్బా పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టాడు. ఆడవాళ్ళు చుట్టూ మూగారు.

“నాను కొత్త సీర కట్టుకొచ్చినాను. ఏటి సూడాల, ఆ సిల్లులోకేనా?” అంది కొర్లమ్మ.

“అసలు ఇటు చూడొద్దు పిన్నీ. నేను లేననుకోండి. రోజూ చేసే పని రోజూలాగే చేసుకోండి.”

“సూడొద్దా? మరి సీరెందుకు కట్టించినావు?”

“నేనెక్కడ కట్టించాను?”

“ఫొటో అన్నావు గదేటి. అంటే కట్టించినట్టే.”

చదువుకున్న ఫొటోగ్రాఫర్లకి ఒక నియమం ఉంటుంది. మనుషుల్ని నిలబెట్టి తీయకూడదు, పనిలో ఉండగా తీయాలి, అప్పుడే నిజం. సారథి ఆ నియమాన్ని గట్టిగా నమ్మేవాడు. ఒక్క పైడయ్య మాత్రం బొమ్మకి అడ్డంగా ఉన్నాడనిపించి, కాస్త పక్కకి జరుగుతావా అని అడిగాడు. కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్న పైడయ్య కళ్ళు మాత్రం తెరిచాడు.

“కుర్చీ దిగితే కొలువు పోద్ది బాబూ. కూకోడానికే పెట్టారు నన్ను.”

టేపు తీశాడు. మబ్బు వెలుగు, చిన్న రంధ్రం, వెలుగుని మెల్లగా పట్టే కాగితం. కుండలో అన్నం ఉడికేంతసేపు ఆగాల్సి వచ్చింది. అంతసేపూ ఆడవాళ్ళు పడవ దగ్గర్నుంచి బుట్టలు తెచ్చారు, కుమ్మరించారు, పరిచారు, మబ్బుకి ముక్కిపోకుండా చీపుళ్ళతో తిరగేశారు, కాకుల్ని అదిలించారు, నీళ్ళు తాగారు, ఒకరినొకరు తిట్టుకున్నారు. పైడయ్య కదల్లేదు.

ఎర్ర బల్బు కింద కాగితం మందునీళ్ళలోకి దిగింది. ముందు ఆకాశం వచ్చింది. తర్వాత పడవల అంచులు, వలలు ఆరేసే కర్రలు, డబ్బా గుండ్రం వల్ల కొంచెం వంగిన సముద్రం. తర్వాత బోర్డు, దాని మీద కంపెనీ పేరు అక్షరం అక్షరం. కుర్చీ. కుర్చీలో పైడయ్య, చొక్కా గుండీలతో సహా. సారథి ఇంకా రావాల్సినవాళ్ళ కోసం ట్రే మీదికి వంగి చూశాడు. ఎవరూ రాలేదు. ఇసుక మీద అక్కడక్కడ పొగలాంటి మసక తప్ప ఏమీ లేదు.

“కాగితం పాతబడిపోయినట్టుంది,” అన్నాడు.

హైమవతిగారు తడి వేలితో ఒక మసకని చూపించారు. “ఇది ఎవరు?”

సారథి చాలాసేపు చూశాడు. కొర్లమ్మ కాసేపు కూర్చుని పీతల్ని ఏరి పారేసిన చోటు అది. మిగతావాళ్ళు ఆ కాసేపు కూడా కూర్చోలేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. గుర్తురావడమేమిటి, ఆ సంగతి అతనికి ఎప్పట్నించో తెలుసు. డబ్బా కెమెరా ముందు నిలవనిది కాగితం మీద నిలవదు. పోయిన ఏడాది పట్నంలో బస్టాండు కూడలిని అతను ఈ పద్ధతిలోనే తీశాడు. ఒక్క బండి లేకుండా, ఒక్క మనిషి లేకుండా వచ్చింది. ఎంత ప్రశాంతంగా ఉందో అని ప్రదర్శనకి వచ్చినవాళ్ళు మురిసిపోయారు. అక్కడ మాయమైనవాళ్ళెవరూ తమ నేల కోసం విచారణకి వెళ్ళేవాళ్ళు కాదు గనక, అది అందంగానే ఉండిపోయింది.

“అయితే నిలబెడతాను,” అన్నాడు సారథి. “కదలకుండా నిలబెట్టి తీస్తాను.”

“నిలబడతారా వాళ్ళు?” అన్నారామె. అంతే. ఫొటో కడగడానికి నీళ్ళ తొట్టి వైపు తిరిగారు.

మర్నాడు మళ్ళీ మబ్బే. సారథి విషయం చెప్పగానే కొర్లమ్మ తోడికోడలు నూకాలు నడుం మీద చేతులు వేసుకుంది.

“పని సేసుకుంటంటే అగుపడవా మేము?”

“కనపడరు పిన్నీ. అంతసేపు ఒకేచోట ఉంటేనే కనపడతారు.”

“ఒకేకాడ నిలబడిపోతే పనేటి సేత్తన్నట్టు?”

సారథి జవాబు ఉన్నట్టే మాట్లాడాడు. చీపుళ్ళు పట్టుకుని వంగమన్నాడు, బుట్టలు నెత్తిన పెట్టుకోమన్నాడు, పని మధ్యలో ఆగినట్టు ఆగమన్నాడు. వంగినవాళ్ళు కాసేపటికే వణికారు. ఎవరి పని వాళ్ళు చేస్తున్నప్పుడు పొద్దంతా వంగే నడుములు, ఊరికే వంగి ఉండమంటే నిలబడలేకపోయాయి. చివరికి అందరినీ నిటారుగా, ఒక వరసలో నిలబెట్టాడు. చీపుళ్ళు నేలకి ఆనించి పట్టుకున్నారు. గురువారం గురించి ఒక్కసారి గుర్తుచేశాడు. నూకాలు చీపురు సరిచేసి పట్టుకుంది. టేపు తీశాడు.

ఆడవాళ్ళు అంతమంది ఒకేసారి ఊరుకోవడం ఆ నేల మీద కాకులు ఎప్పుడూ చూడలేదు. మొదట ఒకటి దిగింది. నెత్తళ్ళ మీద నడిచింది. ఎవరూ అదిలించలేదు. పడవల మీద కూర్చున్నవి కూడా లేచి వచ్చాయి.

“పైడయ్యా,” అంది కొర్లమ్మ, పెదవులు కదపకుండా. “కళ్ళు పోనాయేటి? తోలు.”

“కుర్చీ దిగకూడదు వదినా.”

“నీ కుర్చీని సముద్రంలో పారెయ్య. నా పెట్టుబడంతా కాకుల కడుపులోకి పోతంది, తోలవయ్యా.”

పైడయ్య రోడ్డు వైపు చూశాడు. కంపెనీ జీపు ఏదీ లేదు. కర్ర ఊతంగా లేచాడు. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ కర్ర తిప్పుతూ, నోటికొచ్చినట్టు కాకుల్ని తిడుతూ ఆ ఇసుకంతా పరిగెత్తాడు. ఈ మూల తోలితే ఆ మూల దిగేవి. “ఓరి పైడయ్య పెళ్ళికొడుకులాగున్నాడే,” అని పళ్ళ మధ్య నుంచి ఎవరో అన్నారు. వరసంతా నవ్వు ఆపుకోలేక ఊగింది. సారథి కదలొద్దు కదలొద్దు అని మొత్తుకున్నాడు. అన్నం ఉడికేంతసేపూ పైడయ్య ఆగలేదు. టేపు మూశాక కొర్లమ్మ రెండు దోసిళ్ళ నెత్తళ్ళు అతని తువ్వాల్లో పోసింది. అతను రొప్పుతూ కుర్చీలో కూలబడి, చాన్నాళ్ళకి పని చేసినట్టుందన్నాడు.

ఈసారి ఆడవాళ్ళు వచ్చారు. నవ్వినందుకు ముఖాలు చెరిగాయి గానీ మనుషులు వచ్చారు, వరసగా, తీసుకొచ్చి నిలబెట్టినట్టు. కాళ్ళ దగ్గర పరిచిన చేపలు ఆ దూరానికి ఇసుకలాగే వచ్చాయి. కాకి ఒక్కటి కూడా రాలేదు. బోర్డు పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

గురువారం సారథి ఆ ఫొటో ఇచ్చాడు. విచారణాధికారి దాన్ని వెలుగుకి పెట్టి చూసి, వేళ్ళతో తడిమి సంతోషించాడు. “ఇదిగో, ఫొటో అంటే ఇలా ఉండాలి. మా చిన్నప్పుడు ఇలాగే ఉండేవి.” కంపెనీ లాయరు లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

“ఈ కెమెరా అబద్ధం ఆడదంటారు, అంతేనా?”

“ఆడదు.”

“ఎవరూ దిద్దలేదు, చెరపలేదు?”

“లేదు.”

“బావుంది. వీళ్ళంతా తమంతట తామే ఇలా వరసలో నిలబడ్డారా, మీరు నిలబెట్టారా?”

“నేనే నిలబెట్టాను.”

“చేపలు ఎండబెట్టేవాళ్ళు వరసలో నిలబడి ఎండబెడతారా? పోనీలెండి. వీళ్ళు మీ మాట కోసం నిలబడకుండా, రోజూలాగే ఉన్నప్పుడు ఇదే కెమెరాతో తీసింది ఏమైనా ఉందా?”

ఉంది. సంచిలోనే ఉంది. లేదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అబద్ధం ఆడని కెమెరా అని చెప్పి, దాని తరఫున అబద్ధం ఆడటం అతనికి చేతకాలేదు. పైగా అర్థమయ్యేలా వివరించగలనన్న నమ్మకం ఒకటి ఉంది. బాగా మాట్లాడేవాళ్ళని ముంచేది ఆ నమ్మకమే. తీసి ఇచ్చాడు.

అధికారి చాలాసేపు చూశాడు. “సముద్రం వంగి ఉందేమిటి?”

“డబ్బా గుండ్రంగా ఉంటుందండీ, అందుకని.”

ఆ వంకర గురించి లాయరు ఏమీ అనలేదు. ఆ ఫొటో ఇప్పుడు ఆయనది. “అక్షరాలు చదవగలుగుతున్నారా సార్? మా బోర్డే. కుర్చీలో ఉన్నది మా వాచ్‌మన్. ఇంకెవరైనా కనిపిస్తున్నారా?”

“ఉన్నారండీ,” అన్నాడు సారథి. “పని చేస్తూ కదులుతున్నారు కాబట్టి పడలేదు. ఇదిగో, ఈ మసక చూడండి. ఇది కొర్లమ్మగారు.”

“ఇదా? మరి ఈ మూల మసక?”

“అది కూడా, అంటే, అటు వెళ్ళినప్పుడు...”

“అదీ ఆవిడే. సముద్రం మీద మంచు కూడా ఆవిడేనా?”

గదిలో నవ్వారు. కొర్లమ్మ నవ్వలేదు. అధికారి కూడా నవ్వలేదు, జాలిగానే అడిగాడు. “బాబూ, ఇది అబద్ధం ఆడదని చెప్పింది మీరే. ఇప్పుడు ఆడుతోందంటారా?”

అవునంటే రెండో ఫొటో పోతుంది. కాదంటే నేల పోతుంది.

కొర్లమ్మ ముందుకొచ్చింది. “బాబూ, ఫోనులోది అబద్దమన్నారు. ఇది నిజమంటన్నారు. రెండూ పక్కనెట్టి ఇలా సూడండి. ఎదురుగానే ఉన్నాం గదేటి మేము.”

అధికారి తల ఊపాడు, కానీ ఎత్తలేదు. ఆయన ఫొటో చూస్తున్నాడు.

నేల ఖాళీగా ఉందనీ, కంపెనీ స్వాధీనంలో ఉందనీ, దీన్ని అర్జీదారుల సొంత సాక్ష్యమే రుజువు చేసిందనీ తీర్పు వచ్చింది. ఇనుప కంచె పడింది. ఆడవాళ్ళు ఇప్పుడు రోడ్డు వారన తారు మీద ఎండబెడుతున్నారు. లారీ వచ్చినప్పుడల్లా తట్టలు పట్టుకుని లేస్తారు. ఇంకొక సంగతి కూడా జరిగింది. రెండో ఫొటో నకలు కూడా కంపెనీ కాగితాల్లోకి చేరింది కదా, అందులో ఖాళీ కుర్చీ ఎవరి కంటో పడింది. పైడయ్యని పిలిచి అడిగారు.

“అక్కడే ఉన్నాను బాబూ. ఫొటో తీసినంతసేపూ ఉన్నాను. కాకుల్ని తోలాను.”

ఫొటో అతని ముందు పెట్టారు. “ఏవీ కాకులు?”

కంచె పడ్డాక కాపలా ఎలాగూ అక్కర్లేదు. కానీ అతన్ని ఆ మాట చెప్పి పంపలేదు. పనిలో లేడని చెప్పి పంపారు.

సారథి డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. జరిగిందంతా చెప్పాడు, పైడయ్య సంగతితో సహా. హైమవతిగారి చేతులు నీళ్ళలోనే ఉన్నాయి. అతను విచారణ నుంచి వెనక్కి వచ్చిన రెండు ఫొటోలూ తొట్టి అంచున పెట్టి, ఈసారి మెల్లగా అడిగాడు.

“ఇది కూడా అబద్ధమే ఆడింది కదా టీచర్ గారూ?”

ఆమె చేతులు బయటికి తీశారు. కొంగుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. మొదటి ఫొటోని, గుండీలతో సహా పైడయ్య ఉన్నదాన్ని, బోర్లించి పక్కన పెట్టేశారు. రెండోదాన్ని చేతిలోకి తీసుకుని, ఖాళీ కుర్చీ మీద వేలు ఆనించారు.

“పైడయ్య ఇందులోనే బాగా వచ్చాడు,” అన్నారు.